లాసెట్‌లో 58 దగ్గరే ఆగిపోతే: పరకాల చెల్లెకు జవాబు

పరకాల నుంచి ఒక చెల్లె రాసింది. బీకాం అయిపోయింది, మందుల షాపులో లెక్కలు చూస్తుంది, పొద్దున తొమ్మిదింటికి పోతే రాత్రి ఎనిమిదింటికే ఇంటికి రావడం. పోయినసారి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం లాసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే 120కి 58 వచ్చాయి. క్వాలిఫై అయింది గానీ హనుమకొండ సుబేదారిలో ఉన్న కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు రాలేదు. ఈసారి అదే పుస్తకం రెండుసార్లు చదివినా మాక్ టెస్టుల్లో 60 దాటడం లేదట. "అన్నా, పని మానేసి హైదరాబాద్ పోయి కోచింగ్ తీసుకోవాలా? ఇంట్లో అప్పు చేసైనా పంపిస్తామంటున్నారు" అని అడిగింది. మంచి పని ఏం చేసిందంటే, పోయినేడు దాచుకున్న రెస్పాన్స్ షీట్ (తాను పెట్టిన జవాబుల కాగితం), కీ (సరైన జవాబులు) రెండూ పంపింది.

చెల్లె, ముందు అప్పు సంగతి. వద్దు. హైదరాబాద్ పోవద్దు, పని కూడా ఇప్పుడే మానేయొద్దు. కోచింగ్‌లు పనికిరావని కాదు, నీ రోగానికి అది మందు కాదు. నీ షీట్ ముందు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దంతా కూర్చున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నువ్వు చదివింది తక్కువేం కాదు. చదివిన దానికి మార్కులు ఎక్కడ పోతున్నాయో ఒక్కసారి కూడా చూసుకోలేదు, అదే పుస్తకాన్ని మూడోసారి మొదలుపెట్టావు.

నీ లెక్క ఇదీ. పార్ట్-ఏ, అంటే జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, 30కి 14. పార్ట్-బి కరెంట్ అఫైర్స్ 30కి 13. పార్ట్-సి, లా ఆప్టిట్యూడ్, 60కి 31. తప్పులు 45. మిగతా 17 ప్రశ్నలు ఖాళీగా వదిలేశావు, అందులో 11 పార్ట్-ఏ లోవి, 6 పార్ట్-సి చివర్లోవి.

ఆ 17 చూసి నిజంగా బాధేసింది. లాసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు. జాతీయ లా యూనివర్సిటీల కోసం రాసే క్లాట్‌లో అయితే ఒక్కో తప్పుకు పావు మార్కు పోతుంది, అక్కడ ఆలోచించి వదిలేయడంలో అర్థం ఉంది, ఇక్కడ వదిలేయడానికి ఒక్క కారణం కూడా లేదు. నాలుగు ఆప్షన్లు ఉన్నప్పుడు 17 ప్రశ్నలకు కళ్లు మూసుకుని పెట్టినా సగటున నాలుగు తగులుతాయి. ఒకే మార్కు దగ్గర వందల మంది ఉండే పరీక్షలో నాలుగు మార్కులంటే ర్యాంకు ఎంత జరుగుతుందో ఆలోచించు.

ఎందుకు వదిలేశావో కూడా షీట్‌లోనే కనిపిస్తోంది. నువ్వు ఒకటో ప్రశ్న నుంచి వరసగా మొదలుపెట్టావు. కోడింగ్, సిరీస్ లెక్కల దగ్గర ఇరుక్కున్నావు, మళ్లీ వద్దాంలే అని దాటేశావు, మళ్లీ రాలేదు. అప్పటికే టైం తినేసింది కాబట్టి పార్ట్-సి చివర ఉరుకులు పరుగులు. 90 నిమిషాలకు 120 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. సగం మార్కులున్న పార్ట్-సి అన్నిటికంటే చివర్లో, అలిసిపోయిన బుర్రతో రాశావన్న మాట. పైగా ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేది కూడా పార్ట్-సి మార్కులే. అందుకని ఈసారి మాక్ టెస్ట్ నుంచే వరస మార్చు. ముందు పార్ట్-సి 35 నిమిషాల్లో, తర్వాత పార్ట్-బి 15 నిమిషాల్లో, ఎందుకంటే అది తెలిస్తే తెలుసు, లేకుంటే లేదు, ఎంతసేపు చూసినా గుర్తుకురాదు. ఆ తర్వాత పార్ట్-ఏ 25 నిమిషాలు. ఇంకో 15 నిమిషాలు మిగులుతాయి, దాటేసిన వాటికి అవి. చివరి రెండు నిమిషాల్లో ఇంకా ఖాళీలుంటే ఏదో ఒకటి పెట్టెయ్. మొదటి రెండు మాక్‌లలో ఈ వరస ఇబ్బందిగానే ఉంటుంది, మార్కులు తగ్గినా తగ్గొచ్చు, టెన్షన్ పడొద్దు, మూడోదానికి చేయి అలవాటవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పార్ట్-సిలో నీ తప్పులు 23. వాటిని నేను మూడు కుప్పలు పోశాను. నువ్వు ఎప్పుడూ చదవనివి, కనీసం విననైనా విననివి ఆరు. చదివావు గానీ పక్కపక్కన ఉండే రెండు విషయాలు కలిసిపోయినవి పన్నెండు. జవాబు నీకు తెలుసు, ప్రశ్న సరిగా చదవక పోగొట్టుకున్నవి ఐదు.

చూశావా? నువ్వు మళ్లీ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడమంటే ఆ ఆరింటి కోసం చదవడం. ఎక్కువ మార్కులు దాగి ఉన్నది పన్నెండున్న కుప్పలో. అది పుస్తకం తిరగేస్తే తీరేది కాదు. తిరగేసిన ప్రతిసారీ "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

నీ షీట్‌లోవే చెబుతాను. ప్రాథమిక హక్కు పోయిందని నేరుగా సుప్రీంకోర్టుకు పోయేది రాజ్యాంగం 32వ అధికరణ కింద, హైకోర్టుకు పోయేది 226 కింద. నువ్వు రెండిట్లోనూ తిరగేసి పెట్టావు. నంబర్లు బట్టీ పట్టావు గానీ తేడా పట్టుకోలేదు. 226 పరిధి పెద్దది, హైకోర్టు ప్రాథమిక హక్కుల కోసమే కాదు, ఇతర చట్టబద్ధ హక్కుల కోసం కూడా రిట్, అంటే హక్కును కాపాడే ఆదేశం, ఇవ్వగలదు, 32 ప్రాథమిక హక్కులకే, కానీ ఆ 32 తానే ఒక ప్రాథమిక హక్కు. ఇది ఒక్కసారి మనసుకు ఎక్కితే నంబర్లు మళ్లీ కలవవు. అలాగే 42వ సవరణ, 44వ సవరణ. 1976లో వచ్చిన 42 ప్రాథమిక విధులను తెచ్చింది, ప్రవేశికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత మాటలను చేర్చింది. 1978 నాటి 44 ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300-ఏ కిందికి పంపింది. ఎమర్జెన్సీలో వచ్చింది ఒకటి, ఎమర్జెన్సీ పోయాక దాన్ని సరిదిద్దుతూ వచ్చింది ఇంకొకటి అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆర్డినెన్సు జారీ చేసే అధికారం రాష్ట్రపతికి 123వ అధికరణ కింద, గవర్నరుకు 213 కింద. దోపిడీ, బందిపోటు, రెండిట్లో తేడా మనుషుల లెక్క, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి దోపిడీ చేస్తే అది బందిపోటు నేరం. అసలు చెల్లని ఒప్పందం, ఒక పక్షం కోరితే రద్దయ్యే ఒప్పందం కూడా నీకు కలిసిపోయాయి. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి రకం, 1903లో మొహరీ బీబీ కేసు నుంచి అదే చట్టం. బెదిరించి సంతకం పెట్టించుకుంటే రెండో రకం.

కాబట్టి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొను. ఎడమ పేజీ మీద కలిసిపోయిన రెండిటినీ పక్కపక్కన రాయి, కుడి పేజీ మీద తేడా ఏమిటో నీ మాటల్లో, మన మాటల్లో, ఒక్క వాక్యం. పుస్తకంలో ఉన్న వాక్యం దించొద్దు, దించితే చేయి పని చేస్తుంది గానీ బుర్ర పని చేయదు. ప్రతి మాక్ తర్వాత, మార్కు చూసుకుని పక్కన పడేయకుండా, పరీక్షకు పట్టినంత టైం తప్పులకు పెట్టు. వారానికి రెండు మాక్‌లు చాలు. రోజుకొకటి రాసి ఒక్కదాన్నీ విప్పి చూసుకోని పిల్లలను ఎంతోమందిని చూశాను, వాళ్ల మార్కు నెలల తరబడి అక్కడే ఉంటుంది.

ఇక తెలుగు మీడియం సంగతి. స్క్రీన్ మీద ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది కదా, నువ్వు తెలుగు మాత్రమే చదివావు. ఆరు తెలియని ప్రశ్నల్లో రెండు నిజానికి నీకు తెలిసినవే! "అధికార పృచ్ఛ" అంటే కోవారంటో. "ఉత్ప్రేషణ" అంటే సెర్షియోరరీ. "పరమాదేశం" మాండమస్, "ప్రతిషేధం" ప్రొహిబిషన్, "బందీ ప్రత్యక్షం" హెబియస్ కార్పస్. ఐదు రిట్లూ నీకు ఇంగ్లీషు పేర్లతో వచ్చు, తెలుగు పేరు చూసి బెదిరిపోయావు. అనువాదం గట్టిగా ఉన్నప్పుడల్లా కన్ను ఒక్కసారి ఇంగ్లీషు వైపు తిప్పాలి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడాల్సిన పని లేదు, అక్కడ కావలసింది ఒక్క మాట గుర్తుపట్టడమే. నోట్‌బుక్ వెనకవైపు నుంచి రెండు భాషల్లో ఇలాంటి మాటలు రాసుకుంటూ రా.

సరిగా చదవక పోగొట్టుకున్న ఐదు కూడా ఇలాగే. ఐదింట్లో నాలుగు "కానిది ఏది", "సరికాని వాక్యం ఏది" రకం. ఈ ప్రశ్నల్లో మొదటి ఆప్షన్ నిజమైన మాటగానే కనిపిస్తుంది, వెంటనే నొక్కేస్తాం. మాక్‌లో అలాంటి మాట కనబడగానే దగ్గరున్న కాగితం మీద ఒక అడ్డగీత గీయడం అలవాటు చేసుకో, చేయి ఆగితే కన్ను కూడా ఆగుతుంది.

నువ్వు వాడుతున్న పుస్తకం ఫొటో చూశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, తప్పు లేదు, నేనూ చౌరస్తాలో పాత పుస్తకాలు కొనే చదివాను. కానీ అందులో ఇంకా ఐపీసీ, అంటే పాత శిక్షాస్మృతి, ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. ఐపీసీలో 511 సెక్షన్లుంటే కొత్త సంహితలో 358. నేరాల నిర్వచనాలు చాలావరకు పాతవే కాబట్టి ఆ పుస్తకం పారేయొద్దు, నేర చట్టం అధ్యాయం మాత్రం కొత్త ఎడిషన్‌లో చదువు. ఒక్క పుస్తకం ఖర్చు, అప్పు చేసి హాస్టల్లో ఉండే ఖర్చుతో పోలిస్తే ఎంత?

పార్ట్-బికి పరకాల నుంచి పోయి ఎక్కడా కూర్చోవలసిన పని లేదు. షాపు మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందన్నావు కదా, అప్పుడు ఏదో ఒక తెలుగు దినపత్రిక. అన్నీ చదవకు. కోర్టు తీర్పులు, నియామకాలు, మన రాష్ట్రం చేసిన చట్టాలు, అవార్డులు, ఆటలు. ఒక్క వార్తను నాలుగువైపులా తిప్పి చూడడం నేర్చుకో. 2025 నవంబర్‌లో జస్టిస్ సూర్యకాంత్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అక్కడ ఆగకుండా, ఎవరు నియమిస్తారు, ఏ అధికరణ కింద, 124. ఎన్నేళ్లకు రిటైర్ అవుతారు, 65. హైకోర్టు జడ్జి అయితే 62. ఇప్పుడు ఒక్క వార్తతో పార్ట్-బి, పార్ట్-సి రెండూ చదివినట్టే. ఎస్సీ వర్గీకరణ కూడా అంతే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలు, మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం. రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో, మన హైకోర్టు విడిగా ఏర్పడింది 2019 జనవరి 1న. నీ ఇంటి చుట్టూ ఉన్న విషయాల్లో కూడా నువ్వు రెండు తప్పులు పెట్టావు, అవి మాత్రం ఈసారి పోగొట్టుకోవద్దు.

పార్ట్-ఏ లెక్కలకు రోజూ రాత్రి ఇరవై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు, అంతకంటే వద్దు.

టైం లేదన్నావు. పరీక్ష 2023లో మే 25న, 2024లో జూన్ 3న, 2025లో జూన్ 6న జరిగింది. ఈసారి తేదీ నోటిఫికేషన్‌లో చూసుకో, ఇంకా ముందే ఉండొచ్చనుకుని చదువు. పొద్దున గంటన్నర పార్ట్-సి, మధ్యాహ్నం పేపర్, రాత్రి లెక్కలు, బుధవారం రాత్రి ఒక మాక్, ఆదివారం పొద్దున ఒక మాక్, తర్వాత నోట్‌బుక్. బుధవారం మాక్ తప్పులు గురువారం పొద్దున గంటన్నరలో చూసుకో. చివరి నెలలో మాత్రం షాపు వాళ్లను అడిగి పదిహేను రోజులు సెలవు తీసుకో, ఇప్పటినుంచే చెప్పి పెట్టు.

సీటు గురించి ఇంకొక మాట, మార్కులతో సంబంధం లేనిది. పోయినసారి వెబ్ ఆప్షన్లలో, అంటే సీటు కోసం కాలేజీలు ఎంచుకునే చోట, రెండే కాలేజీలు పెట్టావట. సుబేదారి కాలేజీ మొదట పెట్టు, తప్పకుండా పెట్టు, అదాలత్ పక్కనే ఉండే కాలేజీలో చదువుకుంటూ కోర్టు హాళ్లలో కూర్చుని వాదనలు వినడం కంటే మంచి చదువు ఏముంది. కానీ దాని కింద నువ్వు వెళ్లగలిగిన ప్రతి కాలేజీ వరసగా పెట్టు, బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకుని. ఇంట్లో వాళ్లతో ఇది కూడా ఇప్పుడే మాట్లాడు. ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు, బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా షాపులో ఉంటే కుదరదు. సాయంత్రం పూట లెక్కలు రాసే పని దొరుకుతుందేమో అడిగి పెట్టుకో. మీ వాళ్లు అప్పు చేద్దామన్న డబ్బు ఉంటే అది ఆ మూడేళ్ల ఫీజులకు, పుస్తకాలకు పనికొస్తుంది.

పార్ట్-సి కుప్పలు నేను పోశాను. పార్ట్-ఏలో ఐదు, పార్ట్-బిలో పదిహేడు తప్పులు మిగిలాయి, అవి నువ్వే విడదీసి, నోట్‌బుక్ మొదటి పది పేజీల ఫొటోలతో వచ్చే ఆదివారానికి పంపు.