లోహంతో డ్రాగ్‌స్టర్ నమూనా చేయాలంటే ముందు మందం లెక్క చూసుకోండి

ప్లాస్టిక్ కిట్లతో అయిదారు కార్లు చేశాననీ, ఇప్పుడు 1960ల నాటి డ్రాగ్ రేసింగ్ కారును (తిన్నని దారిలో కొద్ది దూరం అతివేగంగా దూసుకెళ్ళే డ్రాగ్‌స్టర్‌ను) ఇత్తడి, అల్యూమినియంలతో మొత్తం సొంతంగా తయారు చేయాలని ఉందనీ మీరు సికింద్రాబాద్ నుంచి రాశారు. ముందే లేత్ కొనాలా, ఏ స్కేలు ఎంచుకోవాలి, ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగారు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో టూల్‌రూమ్ పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళుగా దక్షిణ కాలిఫోర్నియాలో మెషినిస్టుగా పనిచేస్తున్నాను. ఇలాంటి నమూనాలు రెండు పూర్తి చేశాను, మూడోది ఇప్పుడు బల్ల మీద ఉంది. లేత్ ఇప్పుడే వద్దు. స్కేలు 1/8, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు, తీసుకోండి. మొదటి కారుకు నాకు వారాంతాలు మాత్రమే కూర్చుంటే రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది. ఈ మూడు జవాబుల వెనక ఉన్న కారణం ఒక్కటే కాబట్టి, దాని గురించే కాస్త విస్తరంగా చెబుతాను.

నమూనా బొమ్మలా కనబడటానికి కారణం చాలాసార్లు రంగు కాదు, ఆకారమూ కాదు, మందం. 1/25 కిట్టులో బాడీ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉందంటే, అసలు కారుకు 25 మిల్లీమీటర్ల రేకు తొడిగినట్టు లెక్క. అసలు డ్రాగ్‌స్టర్ల మీద అల్యూమినియం రేకు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా మించని సందర్భాలే ఎక్కువ. 1/8లో అది సుమారు 0.2 మిల్లీమీటర్లు అవుతుంది. అంత పలచటి ప్లాస్టిక్ నిలబడదు, లోహం నిలబడుతుంది. లోహంతో చేయడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు. కాబట్టి ప్రతి భాగానికీ ముందు మందం లెక్క వేసుకుని, ఆ తరువాతే మిగతా కొలతలు చూడండి.

మీరు 1960ల కారును ఎంచుకోవడం నాకు ఎంతో నచ్చింది. ఆ కాలపు స్లింగ్‌షాట్ కార్లలో ఇంజను ముందు, డ్రైవరు వెనక ఇరుసుకు ఇంకా వెనక కూర్చునేవాడు. చాసీ (కారు అస్థిపంజరం) గొట్టాలు, ఇంజను, హెడర్లు (ఇంజను పొగ గొట్టాలు), స్టీరింగు కడ్డీ అన్నీ బయటికే కనబడేవి. 1970 మార్చి 8న లాంగ్ బీచ్ పక్కనున్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో పేరున్న రేసర్ డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. కోలుకునే రోజుల్లోనే ఆయన ఇంజనును డ్రైవరు వెనక్కి మార్చిన కారు ఆలోచన చేసి, 1971లో దానితో పొమోనాలో వింటర్‌నేషనల్స్ పోటీ గెలిచారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే స్లింగ్‌షాట్ పోటీల నుంచి కనుమరుగైంది. లోహంతో పనిచేసేవాడికి మాత్రం దానికి సాటి వచ్చే కారు లేదు, ఎందుకంటే చేసిన ప్రతి అతుకూ చూసేవారి కంటికి కనబడుతుంది.

స్కేలు 1/8 అనడానికి కారణం అంకెల్లోనే ఉంది. అసలు చాసీలో ఒకటిన్నర అంగుళాల క్రోమ్‌మోలీ ఉక్కు గొట్టం ఉంటే, 1/8లో అది సరిగ్గా 3/16 అంగుళం. ఆ కొలతలో ఇత్తడి గొట్టం ఇక్కడి హాబీ దుకాణాలన్నింటిలో దొరుకుతుంది. కె అండ్ ఎస్ సంస్థ గొట్టాల గోడ 0.014 అంగుళం, వ్యాసాలు 1/32 అంగుళం తేడాతో పెరుగుతూ పోతాయి, ఒకదానిలో ఒకటి బిగువుగా దూరతాయి. అందువల్ల రెండు ముక్కలు కలపాలంటే లోపల చిన్న గొట్టం ఉంచి టంకం వేస్తే అతుకు బయటికి తెలియదు. అంగుళాల గొట్టాలు మీకు దొరక్కపోతే 5 మిల్లీమీటర్ల గొట్టం తీసుకోండి. అది అసలులో 40 మిల్లీమీటర్లకు సమానం, కావలసింది 38.1. ఆ తేడాను ఎవరి కన్నూ పట్టుకోలేదు. రాణిగంజ్ బజారులో మామూలుగా దొరికే గొట్టాలకు గోడ మందం ఎక్కువ ఉంటుంది, కొనేముందు కాలిపర్ పెట్టి గోడను కొలవండి.

మరలు కూడా ఇదే స్కేలులో కలిసివస్తాయి. అసలు ఇంజను మీది 3/8 అంగుళం బోల్టు 1/8లో 3/64 అంగుళం, అంటే 00-90 అనే అతిచిన్న మరకు సమానం. పావు అంగుళం బోల్టుకు ఇంకా చిన్నదైన 000-120 మర దగ్గరగా సరిపోతుంది. ముందు చక్రాల కమ్ములు సైకిలు కమ్ముల్లా 2 మిల్లీమీటర్లు అనుకుంటే, మనకు కావలసింది పావు మిల్లీమీటరు తీగ. గిటారు మొదటి తీగ 0.010 అంగుళం, సరిగ్గా అదే. నేను రెండు కార్లకూ గిటారు తీగలే వాడాను.

కొలతల కోసం నేను పొమోనాలోని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) మ్యూజియానికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. అక్కడికి రాలేనివారు కూడా మంచి పక్కచూపు ఫోటో ఒకటి సంపాదిస్తే చాలు. దూరం నుంచి, పొడవు లెన్సుతో తీసినదై ఉండాలి. దగ్గర నుంచి తీస్తే ముందు చక్రం, వెనక చక్రం వేర్వేరు నిష్పత్తుల్లో వస్తాయి. వెనక రిమ్ కొలత 16 అంగుళాలని తెలిస్తే, ఫోటోను ఆ రిమ్ 2 అంగుళాలు వచ్చేలా ముద్రించుకోండి, మిగతా కొలతలన్నీ కొలబద్దతో నేరుగా తీసుకోవచ్చు. మొదటిసారే పేరున్న కారుకు నకలు చేయబోకండి. కెంట్ ఫుల్లర్, వుడీ గిల్‌మోర్, డాన్ లాంగ్ వంటివారు కట్టిన చాసీల ఫోటోలు చూసి ఆ పద్ధతిని ఒంటబట్టించుకోండి, కారు మాత్రం మీదిగా ఉండనివ్వండి.

ఇక చాసీ సంగతి. అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి. అడ్డగొట్టం వచ్చి పొడవు గొట్టానికి తగిలే చోట, దాని చివరను చేప నోరులా వంపుగా అరగదీయాలి. 3/16 గొట్టానికి ఆనాలంటే ఆ వంపు కూడా 3/16 ఉండాలి. దానికి నేను 5/32 గొట్టానికి ఎమరీ కాగితం ఒక చుట్టు చుట్టి ఆకురాయిలా వాడతాను, కాగితం మందంతో కలిపి దాదాపు సరైన వ్యాసం వస్తుంది. అడ్డగొట్టాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని ముందుకే తోస్తూ అయిదారు దెబ్బలు రాసి, పొడవు గొట్టానికి ఆనించి, వెనక దీపం పెట్టి చూస్తాను. వెలుతురు గీత ఎక్కడ కనబడుతుందో ఆ పక్క కాదు, దానికి ఎదురుగా ఆనుతున్న పక్కను మళ్ళీ రాయాలి. కొత్తవాళ్ళు చాలామంది వెలుతురు కనబడిన చోటే రాస్తారు, సందు ఇంకా పెరుగుతుంది. ఒక్కో చివరకు నాకు ఇప్పటికీ పది నిమిషాలు పడుతుంది. నా మొదటి చాసీలో అలాంటి చివరలు తొంభైకి పైగా ఉన్నాయి.

అతుకుకు వెండి టంకం వాడండి. కాడ్మియం లేనిదే కొనండి, కిటికీ తెరిచి చేయండి. మన కంసాలులు వాడే వెలిగారం నీళ్ళలో నూరి రాస్తే ఫ్లక్స్‌గా (టంకం బాగా పారేలా చేసే పూతగా) బాగా పనిచేస్తుంది. అతికాక అంటుకున్న గాజులాంటి పొర పోవడానికి నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళలో పావుగంట ఉంచితే చాలు. వెండి టంకం కరగడానికి 600 డిగ్రీలు దాటాలి. తగరం, వెండి కలిపిన మెత్తటి టంకం 221 డిగ్రీలకే కరుగుతుంది. ఈ తేడాయే మన ఆయుధం. బరువు మోసే అతుకులన్నీ ముందు వెండి టంకంతో పూర్తి చేసి, చిన్న పట్టీలు, కొక్కేలు తరువాత మెత్తటి టంకంతో అతికిస్తే ముందు వేసినవి కదలవు.

నా మొదటి చాసీ పాడైన తీరు మీకు ఉపయోగపడుతుంది. ఎడమ వైపు అతుకులన్నీ ఒకే సాయంత్రం వరసగా వేసేశాను. చల్లారాక రాతిపలక మీద పెట్టి చూస్తే, పద్దెనిమిది అంగుళాల చాసీ మధ్యలో 3 మిల్లీమీటర్లు విల్లులా వంగింది. అసలు కారులో అది 24 మిల్లీమీటర్లు. వంచి సరిచేయబోతే రెండు అతుకులు విడిపోయాయి. నెల రోజుల పని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి ఇనుప పలక మీద పిన్నులు బిగించి జిగ్ (ముక్కలను కదలకుండా పట్టే చట్రం) చేసుకుని, ఎడమ ఒకటి, కుడి ఒకటి, ముందు ఒకటి, వెనక ఒకటి చొప్పున వేశాను. ఆ చాసీ ఈనాటికీ పలక మీద నాలుగు మూలలా ఆనుతుంది. అసలు చాసీలు కట్టినవారు కూడా జిగ్ మీదే వెల్డింగు చేసేవారు.

హెడర్ల దగ్గర మందం సంగతి మళ్ళీ వస్తుంది. అసలు గొట్టం రెండుంపావు అంగుళాలైతే మనకు 9/32 కావాలి, ఆ గొట్టం దొరుకుతుంది. ముందుగా ఎర్రబడీ పడనంతగా కాల్చి మెత్తబరచి, చల్లారాక పూర్తిగా ఎండిన సన్నటి ఉప్పు దట్టించి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి వంచండి. వంగాక నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగిపోతుంది. కొందరు 70 డిగ్రీలకే కరిగే వుడ్స్ మెటల్ నింపుతారు. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి కాబట్టి ఇంట్లో నేను దాన్ని రానివ్వను. ఎనిమిది గొట్టాలూ ఒకే వంపులో రావాలంటే చెక్కలో ఒకే గాడి చెక్కి అన్నీ అందులోనే వంచాలి. చివరగా, పొగ వచ్చే మూతిని లోపలి వైపు నుంచి రీమర్‌తో (రంధ్రాన్ని పెద్దది చేసే పనిముట్టు) అంచు కాగితంలా పలచబడేదాకా తీయండి. గొట్టం మిగతా పొడవంతా ఎంత మందమున్నా ఎవరికీ కనబడదు, ఆ మూతి ఒక్కటే కనబడుతుంది. ఈ చిన్న పనితో నమూనా ముఖమే మారిపోతుంది.

ఇంజను మీద కూర్చుని దానిలోకి గాలిని బలంగా నెట్టే బ్లోయరు నిజానికి లారీలు, బస్సుల డీజిల్ ఇంజన్ల నుంచి వచ్చినది. 6-71 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు అని ఆ డీజిల్ ఇంజను పేరు, దాని బ్లోయరుకు కూడా అదే పేరు నిలిచింది. మొదటి కారుకు దీని పక్కటెముకల్లాంటి గాట్లను నేను రంపంతో, ఆకురాయితోనే తీశాను, మిల్లింగ్ మిషను లేదు. బ్లోయరు తిప్పే పళ్ళ బెల్టుకు అసలులో పన్నుకూ పన్నుకూ అర అంగుళం దూరం, వెడల్పు మూడు అంగుళాలు. త్రీడీ ప్రింటర్లలో వాడే 2 మిల్లీమీటర్ల పళ్ళ బెల్టు 10 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకుంటే వెడల్పు సరిపోతుంది, పళ్ళు కొంచెం పెద్దవిగా ఉంటాయి. నేను దానితో సర్దుకున్నాను. లేత్ నిజంగా అవసరమయ్యేది చక్రాలు, కప్పీలు, ఇంజెక్టరు గొట్టాల దగ్గర. అప్పటికి ఏడాది గడిచి ఉంటుంది. అప్పుడు కూడా బాలానగర్‌లో ఏదైనా చిన్న షెడ్డులో గంటల లెక్కన చేయించుకోవచ్చు.

00-90 ట్యాపు (రంధ్రంలో మర కోసే ఉక్కు పనిముట్టు) విరగకుండా ఈ పని పూర్తయినవారిని నేను చూడలేదు. నాకు ఇత్తడి ఇంజను బ్లాకులో ఆఖరి రంధ్రంలో విరిగింది. అప్పుడు గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన చెప్పిన ఉపాయం కాపాడింది. పటికను వేడినీళ్ళలో ఇక కరగనంత కలిపి, బ్లాకును అందులో వేసి వెచ్చగా ఉంచాను. పటిక నీళ్ళు ఇత్తడిని ముట్టుకోవు, ఉక్కును మాత్రం తినేస్తాయి. బుడగలు వస్తూ వస్తూ మూడో రోజుకు ట్యాపు నల్లటి బురదలా మారి సూదితో బయటికి వచ్చింది. ఉక్కు భాగం ఏదైనా బిగించి ఉంటే ముందే తీసేయండి, లేకపోతే అది కూడా పోతుంది.

బాడీ రేకు కోసం ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడి పడేసిన అల్యూమినియం ప్లేట్లు అడగండి. 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల మందంలో ఉంటాయి, మనకు కావలసిన మందం అందులోనే ఉంది, ధర తుక్కు ధరే. గట్టిగా ఉంటాయి కాబట్టి సబ్బు రాసి సన్నటి మంట మీద తిప్పండి, సబ్బు నల్లబడగానే తీసేయండి. ఇంకొంచెం ఆగితే రేకు కుప్పకూలుతుంది. ముక్కు భాగం వంపులకు గట్టి చెక్కతో అచ్చు చేసి, నునుపైన కడ్డీతో నొక్కుతూ పోవాలి, మధ్యలో రెండు మూడుసార్లు మళ్ళీ కాల్చాలి. మాది జనగామ వైపు. పెంబర్తిలో ఇత్తడి రేకును కాల్చడం, కొట్టడం, మళ్ళీ కాల్చడం చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి. గట్టిపడిన లోహాన్ని ఇంకా కొడితే చీలుతుందని నేను తెలుసుకున్నది అక్కడే. మీకు దగ్గరే కాబట్టి ఒక పూట వెళ్ళి చూసి రండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని చిన్నది. రెండు అడుగుల 5 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం, రెండు అడుగుల 2.5 మిల్లీమీటర్ల గొట్టం, చిన్న టార్చి, వెండి టంకం, వెలిగారం తెచ్చుకోండి. డ్రైవరు చుట్టూ ఉండే చాసీ భాగాన్ని మాత్రం, అంటే నాలుగు పొడవు గొట్టాలు, వాటి మధ్య ఎనిమిది అడ్డగొట్టాలు, కొలతల ప్రకారం చేయండి. ప్రతి చివరనూ దీపానికి ఎదురుగా పెట్టి చూసి, వెలుతురు గీత పూర్తిగా పోయాకే టార్చి వెలిగించండి. అది పూర్తయ్యాక ఫోటో పెడితే, ఎక్కడ టంకం ఎక్కువైందో, ఎక్కడ వేడి చాలలేదో నేను చూసి చెబుతాను.