మీరడిగారు: పుచ్చకాయ వంకర పోతే తప్పెవరిది?

పోయిన నెల తేనెటీగల గురించి రాస్తానని నోరు జారా, అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు, రెండు వాయిస్ నోట్లు వచ్చి పడ్డాయి. ఆరు తీసుకున్నా. మొదటిదానికే సగం పేజీ పోద్ది, మిగతావాళ్ళు ఏమనుకోవద్దు.

అన్నా, రెండెకరాల్లో పుచ్చ వేశా. తీగ బాగా పాకింది, పూత మెండుగా వచ్చింది, కానీ పిందెలు సగం పసుపు తిరిగి రాలిపోయినయ్. నిలిచినవాటిల్లో కూడా ఒక పక్క ఉబ్బి ఇంకో పక్క సన్నంగా సొరకాయ మాదిరి వంకర. షాపాయన బోరాన్ కొట్టమన్నాడు కొట్టా, ఏదో టానిక్ ఇచ్చాడు అదీ కొట్టా. విత్తనం తేడా అంటావా?
— ఒక రైతు, సింగరాయకొండ

విత్తనం కంపెనీ మీదికి పోయే ముందు కత్తి తీసుకుని ఆ వంకర కాయ ఒకటి నిలువుగా కొయ్యి తమ్ముడూ. ఉబ్బిన పక్క గింజలు నల్లగా గట్టిగా ఉండి, సన్నగా ఉన్న పక్క తెల్లగా తాలు గింజలు కనపడ్డాయంటే బోరాన్‌తో పని లేదు, ఆ పక్కకి పుప్పొడి అందలేదని అర్థం.

పుచ్చ తీగకి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద శనగ్గింజంత బుల్లి కాయ నూగుతో ఉంటది, అదే గుర్తు. మగపూలు ముందొస్తాయి, ఎక్కువొస్తాయి, నువ్వు మెండుగా వచ్చిందన్న పూతలో ముప్పాతిక అవే అయ్యుంటాయి. పుప్పొడి జిగటగా బరువుగా ఉంటది, గాలికి ఎగరదు, ఎవరో ఒకరు మోసుకుపోవాల్సిందే. పైగా ఆ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటది, మళ్ళీ రేపు తెరుచుకునేది లేదు, ఉన్నదల్లా ఆ కాసిని గంటలే. ఆడపువ్వు మధ్యలో పుప్పొడి పట్టుకునే బొడిపె మూడు పాయలుగా ఉంటది, మూడింటికీ సమానంగా అంటితే కాయ గుండ్రంగా ఊరతది, ఒక పాయకే అంటితే ఆ పక్క మాత్రమే గింజ పట్టి కండ పడతది, రెండో పక్క ఎండిపోయినట్టు ఉండిపోద్ది. ఒక తేనెటీగ ఒకసారి వాలి పోతే చాలదు, ఒక్కో ఆడపువ్వు మీదికి కనీసం ఎనిమిది సార్లన్నా రావాలని దీని మీద పనిచేసినోళ్ళు లెక్క తేల్చారు. ఎన్ని పిందెలకి ఆ ఎనిమిది దక్కుతున్నాయో నువ్వే చూసుకో, రేపు పొద్దున ఏడున్నరకి గట్టు మీద నిలబడి కాదు, తీగల మధ్యలో గొంతుక్కూర్చుని చూడు.

నేను పోయిన ఫిబ్రవరిలో కనిగిరి వైపు ఒక తోటలో అట్టాగే కూర్చున్నా. పది నిమిషాల్లో నా ముందున్న పూల మీదికి మూడంటే మూడు చిన్న తేనెటీగలు వచ్చాయి, ఒకటి మగపువ్వు మీదే తిరిగి తిరిగి పోయింది. ఆ రైతుని మందు ఎప్పుడు కొడతావయ్యా అంటే, తామర పురుగుకి పొద్దున ఎనిమిదింటికి కొట్టిస్తా, మధ్యాహ్నమైతే కూలీలు దొరకరు అన్నాడు. అంటే సరిగ్గా పువ్వు తెరుచుకుని ఈగ వచ్చే టైముకే! ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, ఆయనకి చెప్పినోళ్ళు ఎవరూ లేరు, షాపులో డోసు చెప్తారు గానీ టైము చెప్పరు.

ఇక్కడ మనోళ్ళు ఒక మాట అంటారు, "మందు కొట్టినా ఈగలు చచ్చి పడలేదు కదా" అని. చావకపోవడమే అసలు తంటా. 2012లో ఫ్రాన్స్‌లో పరిశోధకులు తేనెటీగల వీపులకి బుల్లి చిప్పులు అంటించి, థయామెథాక్సామ్ అనే పురుగుమందుని చంపనంత తక్కువ డోసులో తాగించి వదిలారు. చాలా ఈగలు తిరిగి గూటికి చేరలేదు, దారి తప్పిపోయాయి. బయటికి పోయిన కూలి సాయంత్రానికి ఇల్లు చేరకపోతే ఆ సంసారం ఎన్నాళ్ళు నిలబడతది, అదే లెక్క. 2015లో ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో సంగతి చూశారు, ఉత్త చక్కెర నీళ్ళు ఒక పక్క, ఇమిడాక్లోప్రిడో థయామెథాక్సామో కలిపినవి ఒక పక్క పెడితే ఈగలు మందు కలిపిన వాటికే ఎక్కువ పోయినయ్. రుచి తెలిసి కూడా కాదు, వాటికా రుచి తెలీదు, అయినా అటే లాగింది. ఒంగోలు చుట్టుపక్కలోళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లా, ఆ మందులు పనిచేసే తీరు అచ్చం పొగాకులో ఉండే నికోటిన్ తీరే, పురుగు నరాల మీద ఒకే తాళంలో తిరిగే రెండు తాళంచెవులు. యూరప్‌లో 2018లో ఈ రెండూ, క్లోథియానిడిన్ కలిపి మూడిటినీ ఆరుబయట పొలాల్లో వాడొద్దని ఆపేశారు. మన దగ్గర షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. పాతకాలం పొగాకు కషాయం అయితే ఏం కాదులే అనుకునేవాళ్ళకి కూడా చెప్తున్నా, అదీ నికోటినే.

నువ్వు చెయ్యాల్సింది: పూత మీదున్నప్పుడు తప్పనిసరైతేనే మందు, అదీ పొద్దుగూకినాక, పూలు ముడుచుకుని ఈగలు గూటికి పోయినాక. ఆడపూలు మొదలవగానే ఎకరానికి ఒకటో రెండో తేనెటీగల పెట్టెలు తెచ్చి పెట్టుకో, మరీ ముందే పెడితే ఈగలు పక్క చేలో ఇంకేదన్నా పూతకి అలవాటు పడిపోతాయి. ఈ కాపుకి పెట్టెలు దొరక్కపోతే తెల్లారగానే మగపువ్వు తెంపి రేకులు వెనక్కి మడిచి ఆడపువ్వు మధ్యలో మూడు పాయలకీ రాయి. రెండెకరాలకి నడుం విరుగుద్ది, తెలుసు, కనీసం నాలుగు సాళ్ళకి చేసి చూడు, తేడా కళ్ళకి కనపడితే విత్తనం మీద అనుమానం పోద్ది. మిగతా కాయంతా బాగుండి కింది కొన మాత్రమే నల్లబడి కుళ్ళుతుంటే మాత్రం అది వేరే కథ, కాల్షియం, నీళ్ళ ఎద్దడి, అది మళ్ళీ ఎప్పుడన్నా.

సెల్ టవర్ల వల్ల తేనెటీగలన్నీ చచ్చిపోతున్నాయంట, అవి పోతే నాలుగేళ్ళలో మనుషులు కూడా పోతారని ఐన్‌స్టీనే చెప్పాడంట. మా ఊరి టవర్ తీయించడానికి సంతకాలు పెడుతున్నారు, పెట్టమంటారా?
— ఇంటర్ విద్యార్థిని, పొదిలి

ఐన్‌స్టీన్ సంగతి ముందు. ఆయన 1955లో పోయాడు, ఆయన రాసిన వాటిల్లో ఈ మాట ఎక్కడా దొరకలేదు తల్లీ, ఎవరో ఆయన నోట్లో పెట్టారు. మనుషులు నాలుగేళ్ళలో పోరు కూడా, మనం తినే వరి, జొన్న, సజ్జకి తేనెటీగ అక్కర్లేదు. నెల్లూరు అన్నానికి ఢోకా లేదు, పక్కన పెట్టుకునే కూరలూ పండ్లే తగ్గిపోతాయి. ముఖ్యమైన పంటల్లో నాలుగింట మూడు రకాలు ఎంతో కొంత ఈగలూ పురుగుల మీద ఆధారపడతాయి గానీ మొత్తం దిగుబడి బరువులో చూస్తే వాటి వాటా 35 శాతం, ఇది 2007లో వేసిన లెక్క, వాట్సాప్‌లో మొదటి ముక్కే తిరుగుద్ది, రెండోది ఎవరూ పంపరు.

టవర్ విషయానికొస్తే, స్విట్జర్లాండ్‌లో ఒకాయన పనిచేస్తున్న ఫోన్ని తేనెపెట్టె లోపలే పెడితే ఈగలు కంగారుగా ఒక రకం కూత పెట్టాయని 2011లో రాశాడు. పెట్టె లోపల ఫోనుకీ ఊరి చివర టవర్‌కీ చాలా దూరం. టవర్ల వల్లే తుట్టెలు ఖాళీ అవుతున్నాయని తేలలేదు. తేలినవాటిని ఎవరూ పట్టించుకోరు, అది నా ఏడుపు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు పెద్ద తేనెటీగల్ని, అదే మన చెట్ల మీద ఎత్తున తుట్టె పెట్టేవాటిని, దుమ్మూ పొగా ఎక్కువున్న చోట్లా తక్కువున్న చోట్లా పట్టుకుని చూశారు, 2020లో బయటికొచ్చింది. పొగ ఎక్కువున్న చోట పట్టినవి 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చచ్చిపోయాయి. సంతకం నీ ఇష్టం, టవర్ మీద ఇంకేదన్నా అభ్యంతరం ఉంటే పెట్టు, తేనెటీగల పేరు మాత్రం వాడొద్దు.

మా మిద్దె మీద గులాబీ చెట్ల ఆకులు ఎవరో కత్తెరతో కోసినట్టు గుండ్రంగా కోసేస్తున్నారు. పురుగు కనపడదు. ఏం మందు కొట్టాలి?
— గృహిణి, నెల్లూరు

ఏమీ కొట్టొద్దమ్మా. అది పురుగు కాదు, ఆకులు కోసే తేనెటీగ. ఆకు ముక్క చుట్ట చుట్టి కాళ్ళతో పట్టుకుపోయి, ఏ గోడ బొక్కలోనో బొంగులోనో పిల్లకి పడక వేస్తది, ఒక్కో పిల్లకి ఒక్కో గది, గదికింత పుప్పొడి ముద్ద. తుట్టె లేదు, రాణి లేదు, అంతా ఒంటరి కాపురం. ఇట్టాంటివే కంది చేలల్లో పూత మీద తిరిగేది. నాలుగాకులు పోతే గులాబీకి ఏం కాదు. అన్నట్టు మునగ పూత మీద నల్లగా బండగా ఝుమ్మని తిరిగే తుమ్మెదని చీపురుతో తోలేవాళ్ళున్నారు, తోలొద్దు, మునక్కాయ పట్టేది ఎక్కువ దాని వల్లేనని విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు 1990లోనే రాశారు. వంకాయ కూడా అంతే, ఆ పువ్వుని గట్టిగా అదిరిస్తేనే పుప్పొడి రాలుద్ది, మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు.

నిమ్మతోట ఉంది, నాలుగు పెట్టెలు పెడదామనుకుంటున్నా. ఇటాలియన్ ఈగలు మంచివా, మన తొర్ర తేనెటీగలు మంచివా? జబ్బులొచ్చి మొత్తం పోతాయని మా బావ భయపెడుతున్నాడు.
— పొదలకూరు నుంచి

నిమ్మ విడతలు విడతలుగా పూస్తది కాబట్టి మేతకి మంచి చోటే. కాయ విషయంలో నిమ్మకి పుచ్చకున్నంత అవసరం లేదు, తేనె మీదే ఎక్కువ ఆశ పెట్టుకో.

ఇటాలియన్‌కీ దేశవాళీకీ తేడా జెర్సీ ఆవుకీ ఒంగోలు ఆవుకీ తేడా లాంటిదే. ఇటాలియన్ 1962లో హిమాచల్ వైపు నగ్రోటాలో మన దేశంలో నిలదొక్కుకుంది, తేనె ఎక్కువిస్తది, సాకుడు కూడా ఎక్కువే అడుగుద్ది. దాని శత్రువు వరోవా అనే నల్లి, ఎర్రగా గుండుసూది తలకాయంత. నిజానికి ఆ నల్లి మన ఆసియా ఈగల దగ్గరదే, మనవి దాన్ని ఒంటి మీంచి దులుపుకుని కొరికి పారేస్తాయి, అదీ మగ పిల్లల గదుల్లో తప్ప పెద్దగా పెరగలేదు. ఇటాలియన్ వాటికి ఆ అలవాటు లేదు, అందుకే ప్రపంచమంతా వాటి దుంప తెంచింది. అది రక్తం తాగుద్దని ఎన్నో ఏళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు, 2019లో తేలిందేమంటే అది తినేది ఈగ ఒంట్లో కొవ్వుని, మనకి కాలేయం చేసే పనుల్లో చాలా వాటికి అదే చేస్తది. దాంతో పాటు రెక్కలు ముడతపడే వైరస్ ఎక్కిస్తది. గూటి ముందు ఎగరలేక పాకే ఈగలు కనపడితే అనుమానించు.

మీ బావ చెప్పేది ఉత్త భయం కాదు. 1991, 92ల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో దేశవాళీ ఈగల పెట్టెల్ని ఊడ్చేసింది, కేరళ, కర్ణాటకల్లో నూటికి తొంభై పైనే పోయినయ్. పిల్ల పురుగు నీళ్ళ సంచి మాదిరి ఉబ్బి గదిలోనే చస్తది. దానికి మందు లేదు, తట్టుకున్న వాటి సంతతే మళ్ళీ లేచింది. కాబట్టి ఎక్కడెక్కడి పెట్టెలో కలపొద్దు, చచ్చిన పెట్టె చట్రాలు బాగున్న పెట్టెలో పెట్టొద్దు, దగ్గరి ఊళ్ళలో బతికి బట్టకట్టిన తుట్టెల నుంచే తెచ్చుకో. నేనైతే మొదటి ఏడు రెండు దేశవాళీ పెట్టెలతోనే ఆగుతా.

ఇంకోటి, మే నెల. పిల్లలుండే చోటు 34, 35 డిగ్రీలు దాటకుండా చూసుకోడానికి ఈగలు నీళ్ళు తెచ్చి చల్లి రెక్కలతో విసురుతాయి. మన ఎండలకి నీడా, దగ్గర్లో నీళ్ళూ లేకపోతే పెట్టె వదిలేసి లేచిపోతాయి. వెడల్పు మూకుడులో నీళ్ళు పోసి గులకరాళ్ళు వెయ్యి, లేకపోతే మునిగి చస్తాయి. ట్రైనింగ్ కావాలంటే ముందు మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో (కేవీకే) అడుగు.

అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు కింద పెద్ద తుట్టె పెట్టింది. వాచ్‌మన్ రాత్రికి కాగడా పెట్టి తగలబెడతానంటున్నాడు.
— ఒంగోలు

ఆపండి ముందు. అది పెద్ద తేనెటీగ, అది కాలం మారగానే దానంతటదే లేచిపోయే రకం. మనుషులు తిరగని చోటైతే అట్టా వదిలెయ్యండి, అటు మెట్లకి తాళం వెయ్యండి. ఒకటి కుడితే ఆ చోట అరటిపండు లాంటి వాసనొస్తది, అది మిగతావాటికి "ఇక్కడ కొట్టండి" అని కేక, అందుకే అక్కడ నిలబడి చేతులు ఊపకుండా పరిగెత్తి లోపలికి పోవాలి, ముల్లు వెంటనే గోటితో గీకెయ్యాలి. చాలా చోట్ల కుట్టినా, ఒక్కటే కుట్టి ఊపిరాడకపోయినా నేరుగా ఆస్పత్రికే. తీయించక తప్పకపోతే తెలిసినోళ్ళని పిలవండి. మన జిల్లాల్లో యానాదులకీ, నల్లమల వైపు చెంచులకీ ఈ విద్య తరతరాలుగా ఉంది. తుట్టెలో తేనె ఉండేది పైన ఒక మూల, పిల్లలుండేది కింద, ఆ తేనె ముక్క వరకే కోసి పిల్లల్ని వదిలేస్తే ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి.

మామిడి పూతకి కూడా తేనెటీగల పెట్టెలు పెట్టాలా? (ఉలవపాడు నుంచి, ఒక్క లైనే రాశారు)

పెడితే పెట్టొచ్చు, కానీ మామిడికి అసలు కూలీలు తేనెటీగలు కాదు, మామూలు ఈగలు, నీలం ఈగలు. ఆస్ట్రేలియాలో కొందరు ఈగలు రావాలని తోటల్లో కుళ్ళిన మాంసం, చేపలు వేలాడదీస్తారు. మనకి చేపల తలకాయలకి కరువు లేదు గానీ, పక్కతోట వాళ్ళు తిడితే నా పేరు చెప్పొద్దు.