ఫ్రక్టోజ్ ఇచ్చిన వెండి అద్దం

చిరంజీవి సుమతికి,

పెదనాన్న ఆశీస్సులు. మందుల కంపెనీలో ఉద్యోగం మానేసి జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పడానికి సిద్ధమయ్యావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులే ఎక్కువగా వినిపించినా, నాకు మాత్రం మన ఇంట్లో మళ్లీ ఒకరు సుద్దముక్క పట్టుకోబోతున్నారన్న సంతోషమే ముందు కలిగింది. అయితే మర్నాడు నాతో మాట్లాడుతూ "ఆల్డిహైడ్, కీటోన్ లాంటి ప్రమేయ సమూహాలు, చక్కెరలు, ప్రోటీన్ల లాంటి జీవాణువులే కదా పెదనాన్నా, పట్టిక వేసి బట్టీ పట్టిస్తే సరిపోతుంది" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

పట్టికతో తేలిపోయేవి కొన్ని ఉన్నాయి, కాదనను. కార్బాక్సిలిక్ ఆమ్లానికి సోడియం బైకార్బొనేట్ కలిపితే బుసబుస పొంగుతుంది, ఫినాల్‌కు ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఊదా రంగు వస్తుంది. వాటికి ఒక పీరియడు చాలు. ఫినాల్ చేతిమీద పడితే చర్మం మొద్దుబారి మొదట్లో మంట తెలియదని, తెల్లబడ్డాక గాని ఆ కాలిన సంగతి బయటపడదని మాత్రం సీసా మూత తీయకముందే పిల్లలకు చెప్పు.

నన్ను నిజంగా భయపెట్టేది టాలెన్స్ కారకం, అంటే ఆల్డిహైడ్ తగిలితే నాళిక గోడ మీద వెండి అద్దం కట్టే ద్రావణం. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్క వేయగానే గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. అది సరిగ్గా కరిగేంత వరకే అమోనియా చుక్కలు చుక్కలుగా కలపాలి, ఎక్కువైతే పరీక్ష మందగిస్తుంది. పరీక్షనాళికను మంట మీద పెట్టనివ్వకు, వేడినీళ్ల బీకరులో నిలబెట్టించు. మిగిలిన కారకాన్ని సాయంత్రం బ్యాచ్‌కు పనికొస్తుందని దాచే అలవాటు చాలా కాలేజీల్లో చూశాను. నిలవ ఉన్న కొద్దీ అందులో పేలే గుణమున్న వెండి సమ్మేళనం తయారవుతుంది, ఎండిపోతే మరీ ప్రమాదం. అందుచేత ఏ పూటకు కావలసినంత ఆ పూటే కలుపు. మిగిలినదానిలో విలీన (పలుచని) నైట్రిక్ ఆమ్లం పోసి దాని శక్తి చంపించి, వెండి వ్యర్థాల సీసాలోకి పంపించు. ఈ పని అటెండరుకు వదిలిపెట్టకు తల్లీ, నువ్వే దగ్గరుండి చేయించు.

ఆ కారకంతోనే ముడిపడిన ఒక పాత సంగతి చెబుతాను. నేను డిగ్రీ కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా ఉన్న రోజుల్లో, ప్రాక్టికల్ పరీక్షలో ఒక చేనేత కుటుంబపు కుర్రవాడికి గుర్తుపట్టమని తెల్లటి పొడి ఒకటి ఇచ్చారు. వాడు మోలిష్ పరీక్ష చేసి కార్బోహైడ్రేట్ అన్నాడు. రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో వేడిచేస్తే త్వరగా ఎర్రబడింది కాబట్టి ఫ్రక్టోజ్ అని నిర్ధారించాడు. టాలెన్స్‌తో వెండి అద్దం కూడా వచ్చిందని నిజాయితీగా రాశాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ చివరి వరుస చూసి మండిపడ్డాడు. ఫ్రక్టోజ్ కీటోన్ కదా, కీటోన్ వెండి అద్దం ఇవ్వదు కదా, కాబట్టి ఎవరో చెప్పిన జవాబుకు పరిశీలనలు అల్లి రాశావన్నాడు. కుర్రవాడు నాళికను వెలుతురుకు పట్టి చూపించాడు. అడుగు నుంచి నడుము దాకా అద్దం తళతళలాడుతోంది. నేను అడ్డుపడి మళ్లీ చేయించాను, మళ్లీ అలాగే వచ్చింది. పొడి కల్తీ అయి ఉంటుందని ఎగ్జామినరు మార్కులు సగానికి కోశాడు. నియమం కంఠతా వచ్చిన మనిషి కళ్లెదుటి అద్దాన్ని కాదన్నాడు. ఆ అబ్బాయి పీజీకి గణితం ఎంచుకున్నాడు, మా శాస్త్రం ఒక మంచి చేతిని పోగొట్టుకుంది. ఇప్పటికీ ఆ కోపం నాలో చల్లారలేదు.

కారణం చెబితే ఆ వైరుధ్యం అయిదు నిమిషాల్లో విడిపోతుంది. ఫ్రక్టోజ్‌లో కీటోన్ రెండో కార్బన్ మీద ఉంది, దాని పక్కనే మొదటి కార్బన్ మీద హైడ్రాక్సిల్ ఉంది. టాలెన్స్ ద్రావణం క్షారం. క్షారంలో ఆ మొదటి కార్బన్ హైడ్రోజన్‌ను వదిలి, రెండు కార్బన్‌ల మధ్య ద్విబంధం, రెండింటి మీదా హైడ్రాక్సిల్‌లు ఉన్న ఈన్‌డయోల్ రూపం ఏర్పడుతుంది. అది తేలికగా ఆక్సీకరణం చెంది కారకంలోని వెండిని అద్దంగా దించుతుంది, దాని నుంచి గ్లూకోజ్, మానోజ్ అనే ఆల్డిహైడ్ చక్కెరలు కూడా పుడతాయి. కీటోన్ పక్కన హైడ్రాక్సిల్ లేని అసిటోన్‌కు ఈ దారి లేదు. అదే బ్రోమిన్ నీటితో చూడు: అక్కడ క్షారం లేదు కనుక గ్లూకోజ్ ఆ నీటి రంగు పోగొడుతుంది, ఫ్రక్టోజ్ పోగొట్టదు. ఈ రెండు పరీక్షలనూ ఒకే రోజు పక్కపక్కన చేయించు. ఆపైన మామూలు పంచదార ఇవ్వు. గ్లూకోజ్ మొదటి కార్బన్, ఫ్రక్టోజ్ రెండో కార్బన్ ఒకదానితో ఒకటి బంధించుకుని ఉండటం వల్ల సుక్రోజ్ అద్దం ఇవ్వదు. విలీన ఆమ్లంతో మరిగించి, ఆమ్లాన్ని తటస్థం చేసి మళ్లీ పరీక్షించమను, బంధం తెగి అద్దం వస్తుంది. అప్పుడు వాళ్ల ముఖాలు చూడు.

సమూహం పేరు మాత్రమే కాక, అది ఎక్కడ, ఎవరి పక్కన, ఏ ద్రావణంలో ఉందో అడగడం అలవాటైతే జీవాణువుల పాఠం దానంతటదే నడుస్తుంది. మన అన్నంలోని పిండిపదార్థం, మన నూలు చీరలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. ఒకదాంట్లో ఆల్ఫా బంధం, రెండోదాంట్లో బీటా బంధం, అంతే తేడా. ఆ తేడా వల్లే ఒకటి మనకు అరుగుతుంది, ఇంకొకటి అరగదు. ప్రోటీన్ పాఠంలో కూడా ఇదే ప్రశ్న వేయించు: అమీన్ క్షారగుణం చూపిస్తుంటే, పెప్టైడ్ బంధంలో ఉన్న నత్రజని ఎందుకు చూపించదు? పక్కనే ఉన్న కార్బొనైల్ దాని ఎలక్ట్రాన్ జంటను తనవైపు లాక్కుంటుందని చెప్పే పిల్లవాడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పేటప్పుడు కనిపెట్టిన మందుల జాబితాతో ఆగిపోకు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ వర్ణమాపన పద్ధతిని (రంగును బట్టి ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని) కండరాల రసానికి వర్తింపజేసినప్పుడు, రంగు రావలసినంత త్వరగా రాలేదు. వాళ్లు ఆ ఆలస్యాన్ని పొరపాటని కొట్టిపారేయలేదు. పరీక్షలోని ఆమ్లానికి మెల్లగా విడిపోతున్న ఫాస్ఫేట్ సమ్మేళనం ఏదో ఉందని వెంటపడ్డారు, 1927లో కండరాలు శక్తిని నిలవ చేసుకునే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఆ కుర్రవాడి నాళికను తోసేసిన ఎగ్జామినరుకు ఈ కథ తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

కంపెనీ ల్యాబులో యంత్రం గీసిన గ్రాఫు చూసి సంతకం పెట్టే అలవాటు నీకు ఉంది. ఇక్కడ ముప్పై మంది ముప్పై రకాల నాళికలు తెస్తారు. నాళిక శుభ్రంగా లేకపోతే అద్దానికి బదులు నల్లటి పొడి వస్తుంది, దానికి మార్కులు కోయకు, కడిగించి మళ్లీ చేయించు. నీ ప్రాక్టికల్స్ టైంటేబులు, స్టోర్‌లో ఉన్న రసాయనాల జాబితా పంపు. ఫ్రక్టోజ్ లేకపోతే ఇక్కడి డీలరు దగ్గర కొని మీ నాన్నతో పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న