టెలిస్కోపు లేని బడిలో ఖగోళశాస్త్రం ఎలా చెప్పాలి?

టెలిస్కోపు కొనలేని ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతికి ఖగోళశాస్త్రం ఎలా బోధించాలి, ఆసక్తి ఉన్న విద్యార్థి ఆ తర్వాత ఏం చదవాలి అని అడిగారు. హైదరాబాదు సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. బడి నడిచేది పగటిపూట కనుక పాఠాన్ని కూడా పగటి ఆకాశంతోనే మొదలుపెట్టండి.

మైదానంలో ఒక మీటరు ఎత్తున కడ్డీ పాతి, దారానికి రాయి కట్టి అది నిటారుగా ఉందో లేదో సరిచూసి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు దాని కొన దగ్గర గుర్తు పెట్టించండి. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి కనుక హైదరాబాదులో ఆ క్షణం ఏడాదిలో చాలా రోజులు పన్నెండు దాటాకే వస్తుంది. ఇక్కడ ఆ నీడ డిసెంబరు 21న సుమారు 86 సెంటీమీటర్లు, మార్చి 21న 31 సెంటీమీటర్లు ఉత్తరం వైపు పడుతుంది. జూన్ 21న మాత్రం పది సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది. బడి తెరిచిన కొత్తలోనే పిల్లలు దీన్ని చూడవచ్చు. నీడ పూర్తిగా మాయమయ్యే రోజుల్లో మొదటిది మే 9 ప్రాంతంలో, అంటే వేసవి సెలవుల్లో పోతుంది. రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది, మబ్బులు కరుణిస్తేనే దక్కుతుంది.

భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం వస్తుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. భూమి సూర్యుడికి అత్యంత సమీపంగా ఉండేది జనవరి మొదటి వారంలో. డిసెంబరు నీడ కొలిచిన తరగతికి ఈ మాట చెబితే చర్చ దానంతటదే సాగుతుంది.

మన పిల్లలకు పంచాంగం కొంత తెలిసి ఉండటం పెద్ద వరం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఇంట్లో వింటూనే ఉంటారు. అయితే ఆ రోజుల్లో రోహిణి నక్షత్రాన్ని చూపించమంటే చూపించలేము, ఎందుకంటే సూర్యుడు అప్పుడు ఆ దిక్కునే ఉంటాడు. దాన్ని చూడాలంటే మార్గశిరంలో చీకటి పడ్డాక తూర్పున వెతకాలి. సూర్యుడు ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య కదులుతున్నట్లు కనిపిస్తాడని చెప్పడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు దొరకలేదు.

చంద్రకళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయన్న అపోహ మరీ మొండిది. బహుళ అష్టమి నాటి ఉదయం, ప్రార్థన వేళకు, సగం చంద్రుడు పడమటి ఆకాశంలో ఉంటాడు. ఒక తెల్లని బంతిని ఎండలో చంద్రుడి వైపు చాచి పట్టుకుంటే, చంద్రుడిలో వెలుగుతున్న వైపే బంతి కూడా సగం వెలుగుతుంది. బంతి మీద భూమి నీడ లేదని పిల్లలే ఒప్పుకుంటారు.

పైచదువుల విషయానికొస్తే, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరిగా తీసుకోమనండి. కడ్డీ నీడ నుంచి అక్షాంశం లెక్కగట్టడం పదో తరగతి త్రికోణమితితోనే సాధ్యం. 1901లో మొదలైన నిజామియా వేధశాలను తర్వాత చేపట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర విభాగం ఉంది. తొమ్మిదో తరగతికి వచ్చాక ఖగోళ ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు తెప్పించి చూపించండి. ప్రశ్నలు కష్టంగానే ఉంటాయి, కానీ ఈ శాస్త్రంలో ఎంత గణితం అవసరమో విద్యార్థికి ముందుగానే తెలుస్తుంది.