సగం వాక్యంతో కొట్టకండి

బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఒక సంఘ పెద్ద రాశారు. కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి విశ్వాసుల కుటుంబం. పెద్దకొడుకు ఉపాధ్యాయుడు. రెండుసార్లు డీఎస్సీ రాసినా ఉద్యోగం రాని చిన్నకొడుకు బొబ్బిలిలో ఇనుప సామాన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఇంట్లో జరిగిన శనివారం కూడికలో ‘తప్పిపోయిన మా చిన్నవాడి కోసం ప్రార్థించండి’ అని ఈయన అడిగితే, అతను లేచి బయటికి వెళ్లిపోయాడట. ఆనాటి నుంచి ఆదివారం ఆరాధనకు రావడం లేదు. ఏ బైబిలు వాక్యం చెబితే దారికొస్తాడని ఈయన ప్రశ్న.

అయ్యా, వాక్యాల సంగతి పక్కన పెట్టండి. సండే స్కూలులో పెరిగిన పిల్లవాడికి మీకు తెలిసినవన్నీ తెలుసు. చెడిపోయింది మీ తండ్రీకొడుకుల మధ్య మాట. ముందు దాని సంగతి చూడండి.

మీరు మామూలుగా రాసేసిన ఒక విషయం దగ్గర నేను ఆగిపోయాను. ఆ శనివారం దుకాణం నుంచి ఆఖరి బస్సుకు వచ్చి, అన్నమైనా తినకుండా చాపలు పరిచి, మైకు సరిచేసి, ఢోలక్ ముందేసుకుని కూర్చున్నది మీ చిన్నబ్బాయే. అలా కూర్చున్నవాడిని చూపించి, వచ్చిన విశ్వాసులందరి ముందూ తప్పిపోయాడన్నారు. రోజంతా మేకులు తూచి, ఇంటికొచ్చి దేవుని పనికి చేయి వేసిన కుర్రవాడు ఎక్కడ తప్పిపోయాడు? డీఎస్సీ పోవడం పాపం ఎప్పుడైంది?

సమాజంగా కూడడం మానవద్దని బైబిల్లోని హెబ్రీ పత్రిక పదో అధ్యాయం చూపించి గద్దించానన్నారు. అదే వాక్యం చివరిదాకా చదవండి. ప్రేమ చూపడానికీ, సత్కార్యాలు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పాలని ఉంటుంది. మీరు సగం వాక్యంతో బిడ్డను కొట్టారు. పిల్లల మనసు కుంగిపోయేలా వారికి కోపం పుట్టించవద్దని కొలస్సయుల పత్రిక మూడో అధ్యాయంలో తండ్రులకే చెప్పిన మాట ఒకటుంది. దాని పై వచనం, పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్నది, మన మందిరాల్లో వినపడినంతగా ఇది వినపడదు. నాకు ఎప్పుడూ బాధగా ఉండే విషయమిది.

బైబిల్లో మార్కు అనే శిష్యుడు కూడా పౌలు, బర్నబాలతో వెళ్లి, పంఫూలియ అనే ప్రాంతంలో సేవ మధ్యలో వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయినవాడే. అటువంటివాడు మళ్లీ మనతో వద్దని పౌలు పట్టుబట్టాడు. బర్నబా ఆయనతో విడిపోయి మరీ మార్కును వెంటబెట్టుకుని కుప్ర (సైప్రస్) దీవికి ఓడ ఎక్కాడు. చివరికి ఆ పౌలే, మార్కు నా పరిచర్యకు పనికొస్తాడు, తీసుకురమ్మని తన శిష్యుడు తిమోతికి కబురు రాశాడు. బర్నబా మార్కుకు దగ్గరి బంధువు మాత్రమే. మీరు కన్నతండ్రి.

ఊళ్లో ఎవరు మంచాన పడినా వెళ్లి ధైర్యం చెప్పి వస్తానని రాశారు. సంతోషం. ఇంట్లోవాడికి అందులో ఒక్క మాటైనా దక్కాలి కదా!

అవమానం నలుగురిలో జరిగింది. దిద్దుకోవడమూ నలుగురిలోనే జరగాలి. వచ్చే కూడికలో, ఆనాడు విన్నవారి ముందే, నా కొడుకు గురించి తప్పుగా మాట్లాడానని చెప్పండి. పెద్దరికం పోతుందని జంకకండి. కొడుకు పరువు తీసి నిలబెట్టుకునే పెద్దరికం ఎవరికీ వద్దు.

అంతకన్నా ముందు, ఒక రాత్రి అతను బస్సు దిగే వేళకు రోడ్డు మీదికి వెళ్లండి. అన్న ఊసు తేవద్దు. జీతంలో సగం మీ చేతిలో పెడుతున్నాడని మీరే రాశారు. ఆ డబ్బుతో ఇల్లు ఎలా గడుస్తోందో అతనికి మీ నోటితో చెప్పండి. ఆదివారం వస్తావా అని మాత్రం అప్పుడే అడగకండి.