జోహర్ ఎవరు రాశారు? చదువుతున్న నాకు అనిపించింది

మీరు అడిగింది: యూదుల మార్మిక గ్రంథం జోహర్ రెండో శతాబ్దంలో రబ్బీ షిమోన్ బర్ యొహాయ్ చెప్పిందా, లేక 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో మోషే దె లియోన్ రాసిందా?

డేనియల్ మాట్ ఇంగ్లిష్ అనువాదాన్ని నేను చాలాకాలంగా, ఫుట్‌నోట్లతో సహా, చదువుతున్నాను. నాకు స్పెయిన్ వాదనే నిజమనిపిస్తుంది. నన్ను ఒప్పించిన విషయం చిన్నదే. గలిలయలోని సెప్ఫోరిస్ ఊళ్ళో ఉండే కప్పదొకియ వాళ్ళ ప్రస్తావన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లో ఉంది. జోహర్ రాసినాయన ఆ కప్పదొకియ గలిలయలోనే ఏదో ఊరనుకుని, తన పాత్రలను అటు నడిపించాడు. అసలు కప్పదొకియ ఇప్పటి టర్కీలో ఉంది. గలిలయలో బతికినవాళ్ళెవరూ అలా రాయరు.

చాలామంది మాత్రం మోషే భార్య కథ చెప్పి వాదన ముగించేస్తారు. 1305లో ఆయన పోయాక, ఒక సంపన్నుడు ఆమెతో, మోషే చూసి రాశానన్న పాత ప్రతి ఇస్తే మీ అమ్మాయిని మా కోడలిగా చేసుకుంటామన్నాడట. అలాంటి పుస్తకం ఇంట్లో ఎప్పుడూ లేదు, ఆయన సొంతంగానే రాశాడని ఆమె చెప్పిందట. ఇది పాలస్తీనాలోని ఆక్రే నుంచి వచ్చిన ఐజాక్ అనే యూదు పండితుడు ఆ నోటా ఈ నోటా విన్నది, పైగా ఆయన కథనం మధ్యలోనే తెగిపోయింది. కాబట్టి దీన్నొక్కదాన్నే రుజువుగా పట్టుకోను. అయినా చేతిలో చిల్లిగవ్వ లేక, పెళ్ళి కావాల్సిన కూతురున్న తల్లి, ఆ ప్రతి నిజంగా ఉంటే దాచుకుంటుందా?

మోషే ఒక్కడే రాశాడా అంటే, ఒక బృందం పని అన్న పరిశోధకుడు యెహూదా లీబెస్ మాట నాకు సబబుగా తోస్తుంది. ఒక భాగానికీ ఇంకో భాగానికీ గొంతు మారిపోవడం అనువాదంలోనే తెలుస్తుంది.

ఈ తగాదా బయటి పరిశోధకులు తెచ్చింది కాదు. 1768లోనే రబ్బీ యాకోబ్ ఎమ్డెన్, అందులో తర్వాతి కాలంవాళ్ళు చేర్చినవి చాలా ఉన్నాయని పుస్తకమే రాశాడు. ఆయన భక్తుడే, జోహర్ మూలం పవిత్రమనే నమ్మాడు.

చదవాలనుంటే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, దారి దొరకదు. గాడిదలు తోలే ముసలాయన కథ తీసుకోండి. కళ్ళు లేని అందమైన కన్య ఎవరు లాంటి పొడుపు ప్రశ్నలతో దారంతా విసిగించాడని రబ్బీ యోసె సత్రంలో రబ్బీ హియ్యాకు మొరపెట్టుకుంటాడు. తీరా ఆ ముసలాయన నోరు విప్పితే ఇద్దరూ ఆయన ముందు సాగిలపడతారు. ఎవరు రాసినా ఆ ఘట్టం గొప్పది, నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతుంటాను.