మీ ప్రశ్న, మా జవాబు: గ్రాఫ్ డేటాలో మళ్లీ మళ్లీ వచ్చే ప్యాటర్న్‌లకు ఏ టూల్?

ప్రశ్న: నా దగ్గర రెండు డేటాసెట్లు ఉన్నాయి. ఒకటి 4,000 రసాయన అణువులు, ఒక్కోదానిలో పాతిక దాకా నోడ్లు (గ్రాఫ్‌లోని బిందువులు, ఇక్కడ పరమాణువులు). రెండోది 20,000 నోడ్లున్న ఒకే ప్రోటీన్ నెట్‌వర్క్. రెండింటికీ పనికొచ్చే టూల్ ఒక్కటి చెప్పగలరా?

జవాబు: ఒక్కదానితో రెండు పనులూ కావు. అణువుల దగ్గర మీరు అడుగుతున్నది ‘ఈ ముక్క ఎన్ని అణువుల్లో ఉంది?’ అని. ఒకే అణువులో ఆ ముక్క మూడు చోట్ల ఉన్నా లెక్కలోకి వచ్చేది ఒక్కసారే. 2002లో షీఫెంగ్ యాన్, జియావే హాన్ ప్రతిపాదించిన జీస్పాన్, 2004లో వచ్చిన గాస్టన్ ఈ పనికోసమే పుట్టాయి. నెట్‌వర్క్ ఒక్కటే అయినప్పుడు ఆ ప్రశ్నకు అర్థం లేదు, ఎందుకంటే ఏ ప్యాటర్న్‌కైనా జవాబు 0 లేదా 1. అక్కడ ‘ఈ గ్రాఫ్‌లోనే ఎన్ని చోట్ల ఉంది?’ అని అడగాలి. లేబుళ్లతో (నోడ్ ఏ రకమో చెప్పే గుర్తులతో) కూడిన ప్యాటర్న్‌లు కావాలంటే గ్రామి చూడండి. లేబుళ్లతో పనిలేకుండా 3, 4 నోడ్ల ఆకృతుల్లో ఏవి మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయో తేల్చాలంటే ఫ్యాన్‌మాడ్, ఐగ్రాఫ్ లాంటి మోటిఫ్ టూల్స్ వాడండి.

టూల్ దింపుకునే ముందు లేబుళ్లు చూసుకోండి. ప్రోటీన్ పేరునే లేబుల్‌గా పెడితే ప్రతి నోడ్‌కూ వేరే లేబుల్ అవుతుంది, ఇక ఏ ప్యాటర్న్ రెండోసారి కనిపించదు. ఆ ప్రోటీన్ చేసే పని ఏ వర్గానికి చెందుతుందో దాన్ని లేబుల్‌గా పెట్టండి.

ప్రశ్న: అణువుల మీద జీస్పాన్ నడిపాను. సపోర్ట్ (ప్యాటర్న్ కనీసం ఎంత శాతం అణువుల్లో ఉండాలన్న హద్దు) 30 శాతం పెడితే అందరికీ తెలిసిన కార్బన్ గొలుసులే వస్తున్నాయి. 5 శాతానికి దించితే రాత్రంతా నడిచి మెమరీ చాలక ఆగిపోతోంది.

జవాబు: ఒక ప్యాటర్న్ తరచుగా వచ్చేదైతే దానిలోని ప్రతి చిన్న ముక్కా తరచుగా వచ్చేదే. అసలు చిక్కంతా ఇక్కడుంది. మధ్యలో ఒక నోడ్, దానికి 15 వేర్వేరు లేబుళ్ల నోడ్లు అతికి ఉన్నాయనుకోండి. ఈ ఒక్క ఆకృతి సపోర్ట్ దాటితే చాలు, కనీసం ఒక ఎడ్జ్ (రెండు నోడ్లను కలిపే గీత) ఉన్న 32,767 ప్యాటర్న్‌లు ఫలితాల్లోకి వచ్చి పడతాయి. అవన్నీ అవే అణువుల్లో ఉంటే మీకు కావలసింది అన్నిటికంటే పెద్దది ఒక్కటే. అందుకే క్లోజ్డ్ ప్యాటర్న్‌లు, అంటే సరిగ్గా అవే అణువుల్లో ఉండే ఇంకా పెద్ద ప్యాటర్న్ లేనివి, మాత్రమే ఇచ్చే క్లోజ్‌గ్రాఫ్, సీజీస్పాన్ లాంటివి వాడండి. ఎంత సపోర్ట్ పెట్టాలో తేలకపోతే ఎస్‌పీఎంఎఫ్ లైబ్రరీలోని టీకేజీ మేలు. దానికి సపోర్ట్ చెప్పనక్కర్లేదు, ‘మొదటి 200 ఇవ్వు’ అంటే చాలు.

నడిపేటప్పుడు ఈ వరస పాటించండి. ముందు హైడ్రోజన్ పరమాణువులు తీసేయండి, ఒక్కో గ్రాఫ్ దాదాపు సగానికి తగ్గుతుంది. బంధం ఏకబంధమా, ద్విబంధమా, ఆరోమాటిక్ బంధమా అన్నది ఎడ్జ్ లేబుల్‌లో తప్పక ఉంచండి. లేబుళ్లు ఎంత తక్కువైతే రెండు ముక్కలు ఒకటేనా అని పోల్చే పని అంత పెరుగుతుంది. గరిష్ఠంగా 6 ఎడ్జ్‌లని హద్దు పెట్టి 30 శాతంతో మొదలుపెట్టి 20, 15, 10 అంటూ దిగండి. మెట్టుమెట్టుకూ ఎన్ని ప్యాటర్న్‌లు వచ్చాయో, ఎంత సమయం పట్టిందో రాసుకోండి. ఒక మెట్టులో సంఖ్య ఒక్కసారిగా పది రెట్లయితే అక్కడ ఆగండి, ఆ కిందికి దిగితే మిగిలేది చెత్తే.

ఫైలు కూడా సరిచూడండి. ప్రతి గ్రాఫ్‌లో నోడ్ సంఖ్యలు మళ్లీ 0 నుంచి మొదలవ్వాలి. దిశ లేని ఎడ్జ్‌ను ఒక్కసారే రాయాలి. సపోర్ట్‌ను ఎస్‌పీఎంఎఫ్ నిష్పత్తిగా అడుగుతుంది, అంటే 0.05. పైథాన్‌లోని జీస్పాన్ ప్యాకేజీ గ్రాఫ్‌ల సంఖ్యగా అడుగుతుంది, అంటే మీ డేటాకు 200. అక్కడ పొరపాటున 5 ఇస్తే అది 5 శాతం కాదు, 5 అణువులు! అలాంటప్పుడు ఎంత ర్యామ్ ఉన్నా చాలదు.

ప్రశ్న: ఒకే పెద్ద గ్రాఫ్‌లో ప్యాటర్న్‌ను పెంచుతున్న కొద్దీ దాని లెక్క తగ్గాలి కదా? నా ప్రోగ్రామ్‌లో పెరుగుతోంది.

జవాబు: మీ ప్రోగ్రామ్ కూడిక సరిగానే చేస్తోంది, ఎంచుకున్న కొలతలోనే లోపం ఉంది. ‘అ’ అనే ఒక నోడ్‌కు ఐదు ‘బ’ నోడ్లు కలిసి ఉన్నాయనుకోండి. ‘అ’ ఒక్కటే. ‘అ–బ’ జతలు 5. ‘అ’కు రెండు ‘బ’లున్న ప్యాటర్న్ 10 చోట్ల దొరుకుతుంది. ఇలా పెరిగే లెక్కతో ‘చిన్నది అరుదైతే పెద్దదీ అరుదే’ అని వెతుకులాటలో కొమ్మలు కత్తిరించడం, అంటే పెద్దవాటిని వెతకకుండా వదిలేయడం, కుదరదు.

దీనికి వాడే కొలత ఎంఎన్ఐ. ప్యాటర్న్‌లోని ఒక్కో స్థానంలో ఎన్ని వేర్వేరు నోడ్లు కూర్చుంటున్నాయో లెక్కించి, వాటిలో అతి చిన్న సంఖ్య తీసుకోవాలి. పై ఉదాహరణలో ‘అ’ స్థానానికి ఒకే నోడ్ ఉంది కాబట్టి మూడు ప్యాటర్న్‌లకూ విలువ 1. ప్యాటర్న్ ఎంత పెరిగినా ఈ విలువ పెరగదు. గ్రామి వాడేది దీన్నే. ప్రతి చోటునూ గుర్తుపెట్టుకోకుండా, పరిమితి అందిందని తేలగానే వెతకడం ఆపేస్తుంది కాబట్టి మెమరీ కూడా ఆదా.

ప్రశ్న: అదే గ్రాఫ్‌లో ఐగ్రాఫ్ ఒక లెక్క చెబుతోంది, నేను రాసిన కోడ్ ఇంకో లెక్క చెబుతోంది. పైగా మోటిఫ్‌లు కుప్పలుగా ‘ముఖ్యమైనవి’గా తేలుతున్నాయి. నమ్మొచ్చా?

జవాబు: ఒక త్రిభుజం తీసుకోండి. దానిలో రెండు ఎడ్జ్‌ల దారులు ఎన్ని? మూడో ఎడ్జ్‌ను పట్టించుకోకపోతే 3. ‘ఆ మూడు నోడ్ల మధ్య ఉన్న ఎడ్జ్‌లన్నీ లెక్కలోకి రావాలి’ అంటే 0. ఐగ్రాఫ్, ఫ్యాన్‌మాడ్ రెండో పద్ధతిలో, జీస్పాన్ మొదటి పద్ధతిలో లెక్కిస్తాయి. మీ కోడ్ ఏది చేస్తోందో ముందు తేల్చుకోండి. ఐగ్రాఫ్ ఫలితాల్లో కొన్ని చోట్ల సంఖ్యకు బదులు ‘నాన్’ (NaN, అంటే ‘సంఖ్య కాదు’) వస్తే కంగారు పడకండి, అవి ఒకదానితో ఒకటి కలవని ఆకృతుల గడులు.

ఇక ముఖ్యమైనవి అన్న మాట. పోలికకు వాడే యాదృచ్ఛిక గ్రాఫ్‌లలో ప్రతి నోడ్ డిగ్రీ (దానికి అతికిన ఎడ్జ్‌ల సంఖ్య) అసలు గ్రాఫ్‌లో ఉన్నట్టే ఉండాలి. ఎడ్జ్‌ల కొసలు మార్చుతూ వాటిని తయారుచేయాలి. నోడ్ల, ఎడ్జ్‌ల సంఖ్య మాత్రమే సరిపెట్టిన గ్రాఫ్‌తో పోలిస్తే, పెద్ద హబ్‌లు (చాలా ఎడ్జ్‌లున్న నోడ్లు) ఉన్న నెట్‌వర్క్‌లలో చాలా ఆకృతులు అసాధారణంగా కనిపిస్తాయి. 100 యాదృచ్ఛిక గ్రాఫ్‌లతో 0.01 కంటే చిన్న పీ విలువను (ఆ ఫలితం కాకతాళీయంగా వచ్చే సంభావ్యతను) నిర్ధారించలేరు, 1,000 అయినా చేయండి. దిశలున్న 4 నోడ్ల ఆకృతులు 199 ఉన్నాయి. 0.05 హద్దు పెడితే వాటిలో పది దాకా కేవలం కాకతాళీయంగానే దాటిపోతాయి. ఇన్ని ఆకృతులను ఒకేసారి పరీక్షిస్తున్నందుకు ఆ హద్దును సవరించకుండా ఫలితాలు ప్రకటించవద్దు.

ప్రశ్న: నాకు కావలసిన ప్యాటర్న్ ముందే తెలుసు. దానికీ ఇవన్నీ కావాలా?

జవాబు: అక్కర్లేదు. అది మైనింగ్ (తెలియని ప్యాటర్న్‌లను తవ్వి తీయడం) కాదు, తెలిసినదాని వెతుకులాట. చిన్న గ్రాఫ్ అయితే పైథాన్ లైబ్రరీ నెట్‌వర్క్‌ఎక్స్, గ్రాఫ్ డేటాబేస్‌లో ఉంటే సైఫర్ అనే క్వెరీ భాషలో ఒక క్వెరీ చాలు. ఒక్క జాగ్రత్త: దిశ లేని త్రిభుజం ఒక్కటే ఉన్నా, మూలలు తారుమారై ఆరుసార్లు వస్తుంది. నోడ్ ఐడీలు ఆరోహణ క్రమంలో ఉండాలని షరతు పెడితే ఒక్కసారే వస్తుంది.